టైప్‌స్క్రిప్ట్‌లో ‘ప్రాపర్టీ లేదు’ అనే ఎర్రర్‌ను సరిచేయడం ఎలా

టైప్‌స్క్రిప్ట్‌లో, అంటే జావాస్క్రిప్ట్‌కు టైప్‌లు చేర్చిన భాషలో, వెబ్ కోడ్ రాసేవారికి రోజూ ఎదురయ్యే ఎర్రర్లలో ప్రాపర్టీలకు సంబంధించినవే ఎక్కువ. ఆబ్జెక్ట్‌లో ఒక్కో విలువకు ఉండే పేరే ప్రాపర్టీ. ఒక పేరు లేదనో, ఒక పేరు ఇవ్వలేదనో, కోడ్‌ను సరిచూసే కంపైలర్ ఎర్ర గీత గీస్తుంది. ఆ గీతను పోగొట్టడం తేలికే, రెండు మాటలు అదనంగా టైప్ చేస్తే చాలు. సరిచేయడం మాత్రం వేరే పని. ఒక చోట మీరు రాసిన టైప్ ఒక మాట అంటోందని, మరో చోట రాసిన కోడ్ ఇంకో మాట అంటోందని, ఆ రెండింటికీ పొత్తు కుదరడం లేదని మాత్రమే కంపైలర్ చెబుతుంది. ఎవరిది అబద్ధమో చెప్పదు, చెప్పలేదు కూడా. దాన్ని తేల్చుకుని, అబద్ధమాడుతున్న పక్షాన్నే దిద్దడం మీ పని.

ఉదాహరణకు బెంగళూరు మారతహళ్ళిలో నేను ఉండిన పీజీనే తీసుకుంటాను. అరవై మందికి వంట చేసే పీజీ అది. శుక్రవారం సాయంత్రమైతే సగం మంది బ్యాగులు తగిలించుకుని అనంతపురం, కడప, కర్నూలు బస్సులెక్కేస్తారు. ఆరు గంటలకు వంటాయన వచ్చి ‘ఎష్టు జన?’ అని కన్నడంలో అడిగితే లెక్క చెప్పగలిగినవాడు ఒక్కడూ ఉండేవాడు కాదు. అందుకని నేనూ నా రూమ్‌మేటూ కలిసి రాత్రి భోజనాల లెక్క కోసం ఒక చిన్న వెబ్ పేజీ రాశాము. అందులో గెస్ట్ అనే ఇంటర్‌ఫేస్, అంటే ఒక మనిషి వివరాల్లో ఏయే పేర్లుండాలో చెప్పే టైప్, ఉండేది. దానిలో నంబర్‌గా ఐడీ, స్ట్రింగ్‌లుగా (అక్షరాల వరుసలుగా) నేమ్, రూమ్, బూలియన్‌గా (అవును, కాదు అనే విలువగా) డిన్నర్ అనే నాలుగు ప్రాపర్టీలు ఉండేవి. కింది అంతస్తు గదులకు ‘జీ2’ వంటి పేర్లుండటం వల్ల రూమ్ స్ట్రింగ్ అయింది. కోడ్‌లోని మాటలను ఒకరికొకరం ఫోన్‌లో చెప్పుకునే తీరుగానే ఇక్కడ రాస్తున్నాను, మీ ఫైల్‌లో అవి మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి.

1. సందేశాన్ని కింది వరుస నుంచి చదవండి

ప్రాపర్టీ ఎర్రర్లు పైకి ఒకేలా కనిపించినా అవి రెండు జాతులు. మొదటిది ‘ప్రాపర్టీ ఫోన్ డజ్ నాట్ ఎగ్జిస్ట్ ఆన్ టైప్ గెస్ట్’ అనేది, దాని నంబరు టీఎస్ 2339. మీరు గెస్ట్ డాట్ ఫోన్ అని చదవబోయారు, గెస్ట్‌లో ఆ పేరు రాసి లేదు. అంటే అడుగుతున్నది మీరు, లేదంటున్నది టైప్. రెండోది ‘ప్రాపర్టీ రూమ్ ఈజ్ మిస్సింగ్’ అని మొదలై ‘బట్ రిక్వైర్డ్ ఇన్ టైప్ గెస్ట్’ అని ముగిసేది, దాని నంబరు టీఎస్ 2741. ఇక్కడ అడుగుతున్నది టైప్, ఇవ్వనిది మీరు. ఒకటికి మించి లోపిస్తే నంబరు 2739 అవుతుంది, లోపించిన పేర్లన్నీ వరుసగా కనబడతాయి. జాబితా మరీ పొడవైతే 2740 వస్తుంది. అప్పుడు నాలుగు పేర్లు చెప్పి, ‘ఇంకా ఇన్ని ఉన్నాయి’ అని ఊరుకుంటుంది.

ఈ రెండు జాతులకూ మందు వేరు కాబట్టి ముందు ఏది ఎదురైందో గుర్తుపట్టాలి. ఫంక్షన్‌కు ఆబ్జెక్ట్ పంపే చోట తప్పు జరిగితే పై వరుసలో టీఎస్ 2345తో ‘ఆర్గ్యుమెంట్ ఈజ్ నాట్ అసైనబుల్’ అనే పెద్ద వాక్యం కనబడుతుంది. టైప్ పేర్లతో నిండిన ఆ వాక్యాన్ని చూసి చాలామంది అక్కడే చదవడం ఆపేస్తారు. ఏ ప్రాపర్టీ లోపించిందో మాత్రం లోపలికి జరిపి రాసిన చివరి వరుసలో ఉంటుంది. టైప్‌లు ఒకదానిలో ఒకటి ఉన్నప్పుడు కంపైలర్ ఒక్కో మెట్టు దిగుతూ ఒక్కో వరుస రాస్తుంది కనుక, అట్టడుగు వరుసే మీకు పనికొచ్చేది. వీఎస్ కోడ్ వంటి ఎడిటర్‌లో మౌస్ పెడితే తేలే చిన్న పెట్టెలో ఇది ఇరుకుగా ఉంటుంది. చిక్కుగా అనిపిస్తే టెర్మినల్‌లో టీఎస్సీ అనే కంపైలర్ కమాండ్ నడిపి అక్కడ చదవండి.

2339కి బదులు 2551 వస్తే అదృష్టమే అనుకోండి, ఎందుకంటే ‘మీ ఉద్దేశం ఫలానా పేరా?’ అని సూచన కూడా దానితోపాటే వస్తుంది. అది దాదాపు ఎప్పుడూ స్పెల్లింగ్ తప్పు, లేదా పెద్దక్షరం, చిన్నక్షరం తేడా.

2. ఆ టైప్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి

సందేశంలోని టైప్ పేరును చూసి, మీరు అనుకుంటున్న టైప్ అదేనా అని ప్రశ్నించుకోండి. ఎర్ర గీత పడిన ప్రాపర్టీ మీద కాకుండా చుక్కకు ఎడమ పక్కనున్న వేరియబుల్ మీద మౌస్ పెడితే కంపైలర్ దాన్ని ఏ టైప్‌గా భావిస్తున్నదో కనబడుతుంది. ఎర్రర్లలో సగం ఈ ఒక్క చూపుతోనే విడిపోతాయని నా అనుభవం.

అక్కడ ‘ప్రామిస్ ఆఫ్ గెస్ట్’ అని కనబడితే మీరు, జవాబు వచ్చేదాకా ఆగమని చెప్పే అవెయిట్ రాయడం మరిచారు. గెస్ట్ పక్కన చదరపు బ్రాకెట్లు కనబడితే మీ చేతిలో ఉన్నది ఒక మనిషి కాదు, మనుషుల జాబితా. ఖాళీ కర్లీ బ్రాకెట్లు మాత్రమే కనబడితే మీరు ముందు ఖాళీ ఆబ్జెక్ట్ తయారు చేసి, తర్వాత ఒక్కో ప్రాపర్టీ అతికించబోయారు. జావాస్క్రిప్ట్‌లో అది అలవాటైన పద్ధతే గాని టైప్‌స్క్రిప్ట్ దానికి ఒప్పుకోదు. విలువలన్నీ చేతికి వచ్చాక ఆబ్జెక్ట్‌ను ఒకేసారి రాయండి. ‘నెవర్’ అని కనబడితే, ముఖ్యంగా తెరలు కట్టే లైబ్రరీ రియాక్ట్‌లో, విలువలను దాచుకునే యూజ్‌స్టేట్‌కు ఖాళీ అర్రే (జాబితా) ఇచ్చి అందులో ఏమి చేరబోతున్నదో చెప్పలేదన్నమాట. స్ట్రిక్ట్ మోడ్‌లో, అంటే కట్టుదిట్టమైన పరీక్షలు పెట్టుకున్నప్పుడు, ఆ ఖాళీ అర్రేను ‘ఎప్పటికీ ఏమీ లేని జాబితా’గానే కంపైలర్ తీసుకుంటుంది. యూజ్‌స్టేట్ పేరు తర్వాత కోణపు బ్రాకెట్లలో గెస్ట్ అర్రే అని రాస్తే సరిపోతుంది.

ఎఫ్12 నొక్కి ఆ టైప్ నిర్వచనానికి వెళ్ళి, అది ఏ ఫైల్‌లో తెరుచుకుంటున్నదో కూడా చూడండి. మీ ఫైల్ తెరుచుకోవాల్సిన చోట ‘లిబ్ డాట్ డామ్’ అనే పెద్ద ఫైల్ తెరుచుకుంటే తప్పు దొరికినట్టే. బ్రౌజర్‌కు సొంతంగా రెస్పాన్స్, రిక్వెస్ట్, ఈవెంట్, నోడ్, లొకేషన్ అనే టైప్‌లు ఉన్నాయి. సర్వర్ రాసే ఎక్స్‌ప్రెస్ లైబ్రరీలోని రెస్పాన్స్‌ను ఇంపోర్ట్ చేయడం మరిచిపోతే కంపైలర్ నోరెత్తకుండా బ్రౌజర్ రెస్పాన్స్‌ను తీసుకుని, ‘సెండ్ అనే ప్రాపర్టీ లేదు’ అంటుంది. మీరు సెండ్ స్పెల్లింగ్‌ను పదిసార్లు సరిచూసుకున్నా ఫలితం ఉండదు. లొకేషన్ విషయంలో నాకు ఇంకా వింతగా జరిగింది. ఏ అంతస్తు, ఏ గది అని చెప్పడానికి ఆ పేరుతో ఒక ఇంటర్‌ఫేస్ రాశాను. ఆ ఫైల్‌లో ఇంపోర్ట్ గాని ఎక్స్‌పోర్ట్ గాని లేకపోవడంతో అది బ్రౌజర్ లొకేషన్‌తో కలిసిపోయింది. మా గది వివరాల్లో హోస్ట్, హోస్ట్‌నేమ్, హ్యాష్ లేవని కంపైలర్ పట్టుబట్టింది. పేరు మార్చగానే గొడవ తీరింది. అందుకే టైప్‌లకు ఇలాంటి సాధారణమైన పేర్లు పెట్టడం నేను మానేశాను.

3. అసలు డేటాను కళ్ళారా చూడండి

టైప్ మీదే, స్పెల్లింగ్ సరైనదే, అయినా పొత్తు కుదరడం లేదు. అప్పుడు మూడో సాక్షిని పిలవాలి, ఆ సాక్షి డేటా. క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ రిక్వెస్ట్ మీద నొక్కి, సర్వర్ పంపిన జేసన్‌ను (డేటాను రాసి పంపే పాఠ్య రూపాన్ని) చదవండి. డాక్యుమెంటేషన్‌ను నమ్మవద్దు, సర్వర్ రాసిన మిత్రుడి మాటనూ నమ్మవద్దు. ఇదివరకు ఎలా వచ్చేదో మీ జ్ఞాపకం చెబుతుంది గాని ఇప్పుడు ఎలా వస్తున్నదో తెరే చూపిస్తుంది.

చూసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఆ పేరు అక్షరం తేడా లేకుండా అలాగే ఉందా, లేక మీరు ఒంటె మూపుల తీరులో (క్యామెల్ కేస్, రెండో మాట పెద్దక్షరంతో) రాసుకున్నదాన్ని సర్వర్ అండర్‌స్కోర్‌తో పంపుతోందా? అది అన్ని వరుసల్లోనూ ఉందా, లేక కొన్నింట్లోనేనా? లేనప్పుడు పేరే రావడం లేదా, లేక పేరు వచ్చి దాని ఎదుట నల్ (ఖాళీ అని చెప్పే విలువ) ఉంటోందా? మూడో ప్రశ్నను తేలికగా తీసుకోకండి. పేరు లేకపోవడం, అన్‌డిఫైన్డ్ ఉండటం, నల్ ఉండటం టైప్‌స్క్రిప్ట్ దృష్టిలో వేర్వేరు సంగతులు. పేరు పక్కన క్వశ్చన్ మార్క్ పెడితే మొదటి రెండింటికీ సరిపోతుంది గాని నల్‌కు సరిపోదు. సర్వర్ నల్ పంపుతుంటే టైప్‌లో ‘స్ట్రింగ్ లేదా నల్’ అనే రాయాలి.

ఒక్క వరుస చూసి ఆగిపోకండి. మా జాబితాలో మొదటి ఇరవై మందికీ ఫోన్ నంబర్లు ఉన్నాయి, నెల మధ్యలో చేరినవారికి లేవు. పైనున్న రెండు వరుసలు మాత్రమే చూసినవారు ఫోన్ తప్పనిసరి అని రాసేస్తారు.

4. ఎవరిది అబద్ధమో తేలాక దిద్దండి

డేటాలో ప్రాపర్టీ ఉండి టైప్‌లో లేకపోతే టైప్‌లో చేర్చండి. ఎడిటర్‌లో కంట్రోల్ డాట్ నొక్కితే ‘డిక్లేర్ ప్రాపర్టీ’ అనే సూచన వస్తుంది, అది చేర్చిపెడుతుంది. ఏ టైప్‌తో చేర్చిందో మాత్రం తప్పక చూడండి. డేటాలోనూ లేకపోతే మీరు లేనిదాన్ని చదవబోతున్నారు కాబట్టి ఆ కోడ్‌నే తీసేయాలి. ఇక్కడ ఒక అపోహ ఉంది. చుక్కకు ముందు క్వశ్చన్ మార్క్ పెట్టి చదివితే 2339 పోతుందని కొందరు అనుకుంటారు, అది పోదు. 2019 నవంబరులో 3.7 వెర్షన్‌తో వచ్చిన ఆ ఆప్షనల్ చైనింగ్ ఎడమ పక్కనున్న విలువే లేకపోయినప్పుడు ఆదుకుంటుంది. టైప్‌లో అసలే రాయని పేరును అది పుట్టించలేదు.

రెండో జాతి ఎర్రర్లో, అంటే టైప్ అడిగినది మీరు ఇవ్వనప్పుడు, తీరిగ్గా ఆలోచించాలి. చేతికి తగిలే మొదటి మందు టైప్‌లో ఆ పేరు పక్కన క్వశ్చన్ మార్క్ పెట్టడం. అది పెట్టగానే ఇక్కడి గీత పోయి, రూమ్‌ను స్ట్రింగ్‌గా వాడే చోట్లల్లా ‘పాసిబ్లీ అన్‌డిఫైన్డ్’ అనే 18048 వంటి ఎర్రర్లు మొలుస్తాయి. ఒక గీతను చెరిపి పది గీతలు గీయించుకున్నట్టు అవుతుంది. ఆ పది చోట్లా ‘లేకపోతే ఖాళీ స్ట్రింగ్’ అని రాసుకుంటూ పోతే, గది లేని మనిషి పీజీలో ఉండడన్న నిజం కోడ్‌లో ఎక్కడా మిగలదు. క్వశ్చన్ మార్క్ డేటాలో నిజంగా లేకుండా ఉండగలిగే సంగతికే తగినది. మాకు ఫోన్ అలాంటిది, రూమ్ కాదు.

ఇంకో సందర్భం ఎక్కువగా వస్తుంది, దాన్ని దగ్గరగా చూద్దాం. కొత్త మనిషిని చేర్చే ఫారం రాశాము. ఫారంలో నేమ్, రూమ్, డిన్నర్ ఉంటాయి, ఐడీని డేటాబేస్ ఇస్తుంది కనుక ఫారంలో ఉండదు. ఆ మూడింటితో ఆబ్జెక్ట్ చేసి యాడ్‌గెస్ట్ అనే ఫంక్షన్‌కు పంపగానే, ఐడీ లేదని ఎర్రర్ వచ్చింది. నా రూమ్‌మేట్ వెంటనే ఐడీకి సున్నా రాసి పంపాడు. గీత పోయింది. ఆ తర్వాత సున్నా ఐడీతో ఉన్న మనిషి ఇంకా సేవ్ కాని మనిషి అని ప్రతి చోటా గుర్తుపెట్టుకోవాల్సి వచ్చింది, ఆ సంగతి ఏ టైప్‌లోనూ లేదు. నిజానికి ఇక్కడ ఉన్నవి రెండు రకాల మనుషులు, ఇంకా ఐడీ రానివారు, వచ్చినవారు. కాబట్టి టైప్‌లు కూడా రెండు ఉండాలి. ఓమిట్ అనే సాధనంతో గెస్ట్ నుంచి ఐడీని తీసేసి న్యూగెస్ట్ అనే టైప్ చేసుకుని, యాడ్‌గెస్ట్ తీసుకునేది న్యూగెస్ట్, తిరిగి ఇచ్చేది గెస్ట్ అని రాయండి. ఫారం పక్క కోడ్ ఒక్క అక్షరం కూడా మారకుండా ఎర్రర్ పోతుంది. రేపు గెస్ట్‌లో మరో తప్పనిసరి ప్రాపర్టీ చేరిస్తే ఫారం దగ్గర మళ్ళీ ఎర్రర్ వచ్చి గుర్తుచేస్తుంది కూడా.

ఓమిట్‌తో ఒక చిన్న జాగ్రత్త అవసరం. తీసేయమని మీరు ఇచ్చిన పేరు ఆ టైప్‌లో నిజంగా ఉందా లేదా అని అది చూడదు. స్పెల్లింగ్ తప్పితే ఏమీ తీయకుండా ఊరుకుంటుంది, మీకు ఐడీ ఎర్రర్ అలాగే మిగిలి ఉంటుంది. దాని అన్నదమ్ముడు పిక్ మాత్రం లేని పేరు ఇస్తే ఒప్పుకోదు. మార్పులు మాత్రమే పంపే అప్‌డేట్ ఫంక్షన్‌కైతే పార్షియల్ వాడవచ్చు. అన్ని ప్రాపర్టీలనూ ఐచ్ఛికం చేసే ఆ సాధనాన్ని కొత్త మనిషిని చేర్చే చోట వాడితే మాత్రం ఖాళీ ఆబ్జెక్ట్ కూడా చెల్లిపోతుంది.

కంట్రోల్ డాట్ నొక్కితే ‘యాడ్ మిస్సింగ్ ప్రాపర్టీస్’ అనే సూచన కూడా వస్తుంది. లోపించినవాటన్నిటికీ ఖాళీ స్ట్రింగ్, సున్నా వంటి విలువలు నింపిపెడుతుంది. పేర్లు టైప్ చేసే శ్రమ తప్పించుకోవడానికి వాడుకోండి, కాని ఒక్కో విలువనూ మీ చేత్తో మార్చేదాకా ఆ ఫైల్‌ను వదలకండి.

5. ‘ఇదో అదో’ అనే టైప్‌ల దగ్గర ముందు తేల్చి, తర్వాత చదవండి

సర్వర్ జవాబు రెండు రకాలుగా రావచ్చు. పని జరిగితే ఓకే ట్రూగా ఉండి డేటా వస్తుంది, జరగకపోతే ఓకే ఫాల్స్‌గా ఉండి మెసేజ్ వస్తుంది. ఇలాంటిదాన్ని ‘ఇదో అదో’ అని చెప్పే యూనియన్ టైప్‌గా రాసుకుని నేరుగా రిజల్ట్ డాట్ డేటా అని చదివితే 2339 వస్తుంది, ఎందుకంటే రెండో రకంలో డేటా లేదు. అప్పుడు రెండో రకంలోనూ ఐచ్ఛిక డేటా ఒకటి చేర్చి గీత చెరపడం సరైన దారి కాదు. ముందు ఇఫ్‌తో రిజల్ట్ డాట్ ఓకే పరీక్షించండి, ఆ బ్రాకెట్ల లోపల కంపైలర్ తానే టైప్‌ను కుదించుకుని డేటాను చూపిస్తుంది. రెండు రకాల్లోనూ ఒకే పేరు ఉండి, దాని విలువ మాత్రం ట్రూ, ఫాల్స్ లాగా ఖచ్చితంగా వేరై ఉండాలన్నదే ఇక్కడి షరతు. టైప్‌లో ఓకేను బూలియన్ అని రాస్తే ఈ కుదింపు పనిచేయదు.

అలాంటి గుర్తు పేరు లేని చోట ‘ఇన్’ ఆపరేటర్‌తో ‘డేటా అనే పేరు రిజల్ట్‌లో ఉందా?’ అని అడిగి కూడా కుదించవచ్చు. క్యాచ్‌లో పట్టుకున్న ఎర్రర్‌దీ ఇదే కథ. 2021లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి స్ట్రిక్ట్ మోడ్‌లో దాని టైప్ అన్‌నోన్ (ఏమిటో తెలియనిది) కాబట్టి నేరుగా మెసేజ్ చదవనివ్వదు. ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో అది ఎర్రరేనా అని పరీక్షించాకే చదవండి.

6. తప్పు మీది కానప్పుడు

పేజీలోని భాగాన్ని వెతికిపెట్టే క్వెరీసెలెక్టర్‌కు క్లాస్ పేరు ఇచ్చి తెచ్చుకున్నది కంపైలర్‌కు ఉత్త ఎలిమెంట్ మాత్రమే, దానికి వాల్యూ ఉండదు. ఇన్‌స్టాన్స్‌ఆఫ్‌తో అది హెచ్‌టీఎమ్‌ఎల్ ఇన్‌పుట్ ఎలిమెంట్ అని పరీక్షిస్తే వాల్యూ దొరుకుతుంది, నల్ అయ్యే ప్రమాదమూ అదే పరీక్షలో తీరుతుంది. రియాక్ట్ ఈవెంట్ హ్యాండ్లర్లలో టార్గెట్‌కు బదులు కరెంట్‌టార్గెట్ వాడితే చాలా సందర్భాల్లో ఎర్రర్ రాదు. టార్గెట్ అంటే నిజంగా నొక్కబడినది, బటన్ లోపలి బొమ్మ కూడా కావచ్చు. కరెంట్‌టార్గెట్ అంటే మీరు హ్యాండ్లర్ తగిలించినది, దాని టైప్ కంపైలర్‌కు తెలుసు.

రీప్లేస్‌ఆల్, ఎట్ వంటి పాత పరిచయమున్న మెథడ్‌లే లేవని 2550 వస్తే టీఎస్‌కాన్ఫిగ్ అనే అమరికల ఫైల్‌లోని లిబ్ పాతదన్నమాట. రీప్లేస్‌ఆల్‌కు ఈఎస్2021, ఎట్‌కు ఈఎస్2022 అనే జావాస్క్రిప్ట్ వెర్షన్లు కావాలి. లిబ్ పెంచితే కంపైలర్ ఒప్పుకుంటుందే గాని పాత బ్రౌజర్‌లో ఆ మెథడ్ కొత్తగా పుట్టదు. లైబ్రరీలో ఉన్న ప్రాపర్టీ లేదంటే ఆ లైబ్రరీ వెర్షన్‌నూ, దాని టైప్‌లను విడిగా ఇచ్చే ‘ఎట్ టైప్స్’ ప్యాకేజీ వెర్షన్‌నూ పోల్చి చూడండి. విండోకు మీరే ఏదైనా తగిలించుకుని ఉంటే డిక్లేర్ గ్లోబల్ లోపల విండో ఇంటర్‌ఫేస్‌లో ఆ పేరును చేర్చండి, ఆ ఫైల్‌లో కనీసం ఒక ఇంపోర్ట్ గాని ఎక్స్‌పోర్ట్ గాని ఉండాలి.

7. నోరు నొక్కే మాటలు వాడబోయే ముందు ఆగండి

మా పీజీకి కొత్తగా వచ్చిన అనంతపురం కుర్రవాడు ఒక రాత్రి ల్యాప్‌టాప్ పట్టుకుని నా గదికి వచ్చాడు.

“అన్నా, యాజ్ ఎనీ పెట్టినా. ఎర్ర గీత పోయింది. పుష్ చేసేదా?”

“గీత పోయింది గానీ తప్పు అట్లే ఉండాది కదరా.”

“పేజీ బాగానే వస్తాంది అన్నా.”

యాజ్ ఎనీ అంటే ‘ఇది ఏ టైప్ అయినా కావచ్చు, పరీక్షించకు’ అని కంపైలర్‌కు చెప్పడం. పేజీ బాగానే వస్తోంది, నిజమే. నేను అతన్ని మందలించే స్థితిలో కూడా లేను, ఎందుకంటే అంతకు రెండు నెలల ముందు నేను చేసింది అంతకన్నా ఘనకార్యం. సర్వర్ నుంచి వచ్చిన జాబితాకు ‘యాజ్ గెస్ట్ అర్రే’ అని తగిలించి ఊరుకున్నాను. ఫెచ్ చేసిన జవాబు మీద జేసన్ మెథడ్ పిలిస్తే వచ్చేది ఎనీ కాబట్టి, యాజ్ రాసినా రాయకపోయినా కంపైలర్ ఏమీ అనదు. నా రూమ్‌మేట్ సర్వర్ పక్కన రూమ్ అనే పేరును రూమ్‌నంబర్‌గా మార్చాడు. నా వైపు ఒక్క గీత కూడా పడలేదు. శుక్రవారం సాయంత్రం రూమ్‌లోని మొదటి అక్షరం తీసి అంతస్తుల వారీగా లెక్క కట్టబోయిన కోడ్ ‘కెనాట్ రీడ్ ప్రాపర్టీస్ ఆఫ్ అన్‌డిఫైన్డ్’ అని కూలిపోయి తెల్ల పేజీ చూపించింది. వంటాయన ఎందుకైనా మంచిదని అరవై మందికీ వండేశాడు. శనివారం మధ్యాహ్నం దాకా అదే సాంబారు తిన్నాము.

టైప్‌లు కంపైల్ అయ్యేటప్పుడే చెరిగిపోతాయి, బ్రౌజర్‌లో అవి ఉండవు. యాజ్ అనేది కంపైలర్‌తో మీరు చెప్పే మాటే తప్ప డేటాను పరీక్షించే సాధనం కాదు. పంచాయితీలో ఇద్దరి మాటా వినకుండా ఒకరి నోరు నొక్కేసినట్టే. అందుకే బయటి నుంచి డేటా లోపలికి వచ్చే గుమ్మం దగ్గర నిజంగా పరీక్షించే కోడ్ ఒకటి ఉండాలి. నేను ఆ తర్వాత జోడ్ అనే లైబ్రరీతో గెస్ట్ స్కీమా (డేటా ఏ రూపులో ఉండాలో చెప్పే వర్ణన) రాసి, జవాబును పరీక్షించే దాని పార్స్ గుండా పంపించాను. టైప్‌ను కూడా ఆ స్కీమా నుంచే ఇన్ఫర్ చేయించుకుంటే ఒకే సంగతి రెండు చోట్ల రాసే పని తప్పుతుంది. ఇప్పుడు పేరు మారితే రూమ్ లేదని గుమ్మం దగ్గరే తెలుస్తుంది, వంటింటి దాకా పోదు. ఇంత చిన్న పేజీకి లైబ్రరీ ఎందుకనుకుంటే, అన్‌నోన్‌గా తీసుకుని టైప్‌ఆఫ్‌తో నాలుగు పరీక్షలు చేసే ఫంక్షన్ ఒకటి చేత్తో రాసుకున్నా చాలు.

ఒక ఆబ్జెక్ట్ ఫలానా టైప్‌కు సరిపోతుందని చెప్పడానికే యాజ్ వాడుతుంటే, 2022లో 4.9 వెర్షన్‌తో వచ్చిన సాటిస్‌ఫైజ్ వాడండి. యాజ్ లోపాలను దాచిపెడుతుంది, ఖాళీ ఆబ్జెక్ట్‌ను కూడా గెస్ట్ అనిపిస్తుంది. సాటిస్‌ఫైజ్ లోపించిన ప్రతి పేరునూ బయటపెడుతుంది. ఏ దారీ లేక ఒక వరుసను తాత్కాలికంగా వదిలేయాల్సి వస్తే టీఎస్ ఇగ్నోర్‌కు బదులు టీఎస్ ఎక్స్‌పెక్ట్ ఎర్రర్ అనే కామెంట్ పెట్టి, పక్కనే కారణం రాయండి. అసలు తప్పు సరైన రోజున ఆ కామెంటే ఎర్రర్‌గా మారి ‘నన్ను తీసేయండి’ అంటుంది, ఇగ్నోర్‌కు ఆ బుద్ధి లేదు.

8. ఎర్రర్లు గుంపుగా వచ్చినప్పుడు

వాడుకలో ఉన్న టైప్‌లో ఒక తప్పనిసరి ప్రాపర్టీ చేర్చగానే ముప్పై చోట్ల ఎర్రర్లు వస్తే కంగారు పడకండి. ఏయే చోట్ల మార్పు చేయాలో కంపైలర్ ఉచితంగా రాసిచ్చిన జాబితా అది. టైప్‌లు ఉన్న ఫైల్‌తో మొదలుపెట్టి, ఫంక్షన్లకు వెళ్ళి, చివర తెర మీద చూపే కాంపొనెంట్లకు రండి. పైనున్న ఒకటి సరైతే కిందివి చాలావరకు వాటంతట అవే పోతాయి. ఎఫ్8 నొక్కుతూ పోతే ఎడిటర్ ఒక్కో ఎర్రర్ దగ్గరికీ తీసుకెళ్తుంది. పేరు మార్పు మాత్రమే అయితే ఎఫ్2తో మార్చండి, వెతికి చేత్తో మార్చవద్దు. టెస్ట్ ఫైళ్ళలో అదే ఆబ్జెక్ట్‌ను పదిహేను చోట్ల పూర్తిగా రాసి ఉంటే, సరైన గెస్ట్‌ను తయారుచేసి ఇచ్చే చిన్న ఫంక్షన్ ఒకటి రాసుకుని అందరూ దాన్నే పిలిచేలా చేయండి.

అంతా సరిచేశాక కూడా గీత పోకపోతే, లేదా టెర్మినల్‌లో లేని ఎర్రర్ ఎడిటర్‌లో కనబడితే, కమాండ్ పాలెట్‌లో ‘రీస్టార్ట్ టీఎస్ సర్వర్’ నడపండి. ఎడిటర్ తన సొంత టైప్‌స్క్రిప్ట్ వెర్షన్ వాడుతుండవచ్చు, ప్రాజెక్టులోని వెర్షన్‌కు మార్చండి.

చివరగా, పేజీ నడుస్తోంది కాబట్టి టైప్‌లు సరిగ్గా ఉన్నాయని అనుకోకండి. పేజీని నడిపించే సాధనమైన వీట్ (Vite) డెవ్ సర్వర్ టైప్‌లను చెరిపేసి నడుపుతుందే గాని పరీక్షించదు. టెర్మినల్‌లో టీఎస్సీని నో ఎమిట్ అనే ఆప్షన్‌తో నడిపి చూడాలి. అయితే వీట్ ఇచ్చే రియాక్ట్ టెంప్లేట్‌తో మొదలుపెట్టిన ప్రాజెక్టులో ఒక మెలిక ఉంటుంది. బయటి టీఎస్‌కాన్ఫిగ్‌లో ఫైల్స్ జాబితా ఖాళీగా ఉండి, అసలు అమరికలు వేరే రెండు ఫైళ్ళలో ఉంటే, మీ కమాండ్ ఒక్క ఫైల్‌ను కూడా చూడకుండానే ‘అంతా బాగుంది’ అన్నట్టు ముగుస్తుంది. అలాంటి చోట టీఎస్సీ డాష్ బీ నడపండి. మీ కమాండ్ నిజంగా పనిచేస్తున్నదో లేదో తెలియాలంటే గెస్ట్‌లోని రూమ్‌ను ఒక్క నిమిషం రూమ్స్ అని మార్చి నడిపి చూడండి. ఎర్రర్లు వరుసగా వస్తే కమాండ్ సరైనదే. మార్పును వెనక్కి తిప్పి, మళ్ళీ నడిపి, ఖాళీగా ముగిశాక పుష్ చేయండి.